మూడో పలకలో లేని చుక్క

జులై 3, గురువారం

ఎదురు ఫోటోల షాపు రమేశ్ పొద్దుటి నుంచి నా వైపు చూడటం లేదు. వాడు షట్టర్ తీయకముందే దాని మీద ఒక కాగితం అంటించాను — "ఇక్కడ ఫోటో దిగినవారిలో ఎక్కువమందికి మొదటి ప్రయత్నంలోనే ఉద్యోగం". అశోక్ నగర్ పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి. తొమ్మిదింటికే వాడి షాపు ముందు పదిమంది వరుస కట్టారు, కొందరు తల దువ్వుకుంటూ. వాడొచ్చి చదువుకున్నాడు, రోడ్డు దాటి వచ్చాడు. "ఇది నీ ఫాంటే సుజాతక్కా" అన్నాడు. కాదనలేదు. ఫాంటు బాగుంది మరి.

దరఖాస్తుల సైటు మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు. ఈ జిరాక్స్ షాపు పెట్టి పదిహేనేళ్లు. సైటు తెరుచుకున్న రోజులు వేళ్ల మీద...

సాయంత్రం ఒక పెద్దావిడ. ఎనభై దాటి ఉంటాయి. నేత చీర, గుడ్డసంచి, సంచిలో అట్ట వేసిన పాత నోటుబుక్కు. ముందుకు రమ్మన్నా రాలేదు. పిల్లల వెనక వరుసలోనే నిలబడింది. తన వంతు వచ్చాక —

"నెట్‌లో ఒకటి వెతికిపెట్టాలమ్మా."

"హాల్ టికెట్టా? పెన్షన్‌దా?"

"నక్షత్రం."

జాతకమనుకున్నాను. పుట్టిన టైము చెప్పమన్నాను.

"అది పుట్టిన టైము ఎవరికీ తెలియదు. ఉన్న చోటు తెలుసు" అంది.

రేపు రమ్మన్నాను.

జులై 4, శుక్రవారం

పేరు రాజ్యలక్ష్మి. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పింది. మా ఆడబిడ్డకు కూడా చెప్పిందట — మా ఆడబిడ్డ లెక్కలు చూసినవాళ్లు ఆ మాట నమ్మరు.

బడికి ముందు, ఇరవై రెండేళ్ల వయసులో, అబ్జర్వేటరీలో రెండేళ్లు పని. టెలిస్కోపు తిప్పే పని కాదు. వేరేవాళ్లు గాజు పలకల మీద ఆకాశాన్ని ఫోటో తీసి పెడితే, పగటిపూట ఈవిడ ఒక్కో పలకను దీపం ముందు నిలబెట్టి, భూతద్దంలోంచి చూస్తూ, ఏ చుక్క ఎక్కడుందో, ఎంత లావుందో కొలిచి రిజిస్టర్లో రాయాలి. రోజుకు వందల చుక్కలు. "అందరూ ఆకాశాన్ని తలెత్తి చూస్తారు. నేను మెడ వంచి చూశాను" అంది.

ఒకే చోటును వేరువేరు ఏళ్లలో తీసిన పలకలు మూడు. రెండింటిలో ఒక చుక్క ఉంది. మూడోదాంట్లో లేదు. ఈవిడ ఆ వరుస ఎదురుగా రాసింది: దీని వెలుగు మారుతోంది. పై ఆయన దాన్ని కొట్టేసి ఎర్ర సిరాతో రాశాడు: మూడో పలక మీద పూసిన మందు లేచిపోయింది, కొలిచినవారి అజాగ్రత్త. టెంపరరీ ఉద్యోగం. రెండో ఏడాది తిరిగాక పొడిగించలేదు.

ఆ పేజీకి నకలు రాసి తెచ్చుకుంది. నోటుబుక్కులో చూపించింది. ఎర్ర సిరా మాటను ఎర్ర సిరాతోనే ఎక్కించుకుంది. నకలంటే అదీ.

"ఇన్నేండ్లు ఏం జేసిన్రు టీచరమ్మా?"

"ఇన్నేళ్లూ ఆ పట్టికలు పెద్ద పెద్ద లైబ్రరీల్లో ఉండేవి. నాలాంటిదాన్ని ఎవరు రానిస్తారు. ఇప్పుడు ఎవరైనా వెతుక్కోవచ్చని పేపర్లో వచ్చిందట. తమ్ముడు చదివి వినిపించాడు."

వినిపించాడు అన్నదగ్గర ఆగాను. కళ్లట. నడిమధ్య మచ్చ పడుతోంది. దసరా వెళ్లాక అక్షరాలు ఉండకపోవచ్చని డాక్టరు.

"అది మారేదా, నేను పొరపడ్డానా — నా కంటితో చూడాలి. ఎవరో చెబితే వినడం వేరు."

జులై 5, శనివారం

చుక్కల పట్టికల సైటు చూస్తే నాకు తెలిసిన దరఖాస్తుల సైటుకు చుట్టంలాగే ఉంది. జిల్లా, కేటగిరీ, అర్హత గళ్లలో నింపితే ఖాళీల జాబితా వస్తుంది కదా — ఇక్కడ ఆకాశంలో చోటు ఒక గడిలో, దాని చుట్టూ ఎంత మేర చూడాలో ఇంకో గడిలో. కింద వరుసగా కాలమ్‌ల పేర్లు, ఏది కావాలంటే దానికి టిక్కు. ఏ అంకె కన్నా ఎక్కువ, ఏ అంకె కన్నా తక్కువ అని షరతు పెట్టడానికి పక్కనే జాగా. ఇలాంటి పట్టికలు వేలల్లో ఉన్నాయి.

ఆవిడ చెప్పింది, నేను కొట్టాను. గంటలు, నిమిషాలు, సెకన్లు. ఆకాశానికీ గడియారం ఉందని ఇవాళే తెలిసింది. బటన్ నొక్కగానే వరుసలు, వరుసలు... చీమల బారులాంటి అంకెలు. సరిగ్గా అప్పుడే బయట పదిమంది పిల్లలు — "అక్కా, లాస్ట్ డేట్ ఇయ్యాలనే, జర చూడక్కా." ఆవిడ మానిటర్‌కి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, "ఏమంటోంది?" అంది.

నా నోరు.

"ఏమంటది టీచరమ్మా. మారుతదట. ఇగో, పక్కన రాసిన్రు కూడా — మొదట చూసింది చిక్కడపల్లి రాజ్యలక్ష్మి గారు అని."

నవ్వుతుందనుకున్నాను. లేదంటే ఒకటి తగిలిస్తుందనుకున్నాను. "ఎక్కడ?" అంది. ఏదో ఒక వరుస చూపించాను. దాని మీద వేలు పెట్టింది. వేలు తీయలేదు.

అప్పుడే చెప్పాల్సింది. పిల్లల ఫారాలు ముగించి తల తిప్పేసరికి వెళ్లిపోయింది.

జులై 6, ఆదివారం

మా ఆయన యాదగిరి ఫోన్‌లో భాష జపాన్‌దానికి మార్చాను. సాయంత్రం దాకా ఎవరికీ ఫోన్ చేసుకోలేక తిప్పలు పడ్డాడు. "ఏంది సుజాతా, మొగడన్న మర్యాద లేదా" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. నవ్వు రాలేదు.

జులై 7, సోమవారం

ఆవిడ తమ్ముడు కృష్ణమూర్తి గారు వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"మా అక్కయ్యకి మీరేం చూపించారో గానీ అమ్మా... పొద్దున పాడుతోంది. నేను పుట్టాక ఆవిడ పాడగా వినడం ఇదే."

ఇప్పుడైనా చెప్పాలి.

"శుక్రవారం బాగ్ లింగంపల్లిలో మేం పుస్తకాలవాళ్లం కలుస్తాం. అక్కడ అందరికీ చూపిస్తుందట. ఆ కాగితం కాస్త ప్రింటు తీసిపెట్టండి. పేరు ఉన్న చోటు పెద్దక్షరాల్లో రావాలి, చదువుకుంటుంది."

తలూపాను. నేనే ఊపాను, ఎవరూ పట్టుకుని ఊపలేదు.

జులై 8, మంగళవారం

మధ్యాహ్నం షట్టర్ సగం దించి కూర్చున్నాను. ముందు నిజమేమిటో తెలుసుకుందాం, అదృష్టం ఉంటే నా అబద్ధమే నిజం కావచ్చు అని.

ఇంటర్ ఫిజిక్స్ రెండుసార్లు తప్పినదాన్ని. కానీ షరతులు పెట్టి వెతకడం నాకు కొత్త కాదు. వెలుగు కాలమ్ దొరికింది. ఇందులో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుందట — ర్యాంకు లెక్క. ఒకటో ర్యాంకువాడు దీపం, ఇరవయ్యోవాడు కనిపించనే కనిపించడు. టీచరమ్మ చుక్క ర్యాంకు పదకొండు. పన్నెండున్నర కన్నా తక్కువ ఉన్నవి మాత్రమే చూపు అని షరతు పెట్టాను.

వరుసలు: సున్నా.

షరతు పదమూడుకు సడలించాను. సున్నా. పద్నాలుగు — ఒకటి, అదీ ఓ మూలన. ఆవిడ చెప్పిన చోట ఆవిడ చెప్పిన చుక్కే లేదు. మారడం, మారకపోవడం తర్వాతి సంగతి.

ఆ ఎర్ర సిరా ఆయనే గెలిచాడా... అజాగ్రత్త.

మా ఆయనతో అన్నాను. "పోయి చెప్పు. తిడితే పడు" అన్నాడు. ఈ మనిషికి అన్నీ తేలిక.

జులై 9, బుధవారం

చెప్పలేదు. కాగితం తయారుచేశాను.

సైటులో ఉన్నట్టే తలకట్టు, అదే నీలం గీతలు, అవే కాలమ్‌లు. ఆవిడ నోటుబుక్కు అంకెలు ఒక గళ్లో. వెలుగు గడిలో పదకొండు. చివరి గడిలో "మారును". దాని పక్కన పేరు. ఇంత శుభ్రంగా నా జీవితంలో ఏ పనీ చేయలేదు. ఇన్నేళ్ల చిలిపి పనుల్లో ఎదుటివాడి మొహం ఎట్లా మారుతుందో చూడాలని చేతులు దురద పెట్టేవి. ఇదొక్కటి చేస్తున్నంతసేపూ ఆ మొహం చూడాల్సిన పని పడకూడదని.

జులై 10, గురువారం

కృష్ణమూర్తి గారికి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నారు.

జులై 11, శుక్రవారం

బాగ్ లింగంపల్లి నుంచి ఏ కబురూ లేదు. మంచిదే... ఏమో.

జులై 12, శనివారం

వచ్చింది. మళ్లీ వరుసలోనే నిలబడింది. నా ముందు నలుగురు పిల్లలు, వాళ్ల వెనక ఆవిడ. ఆ నలుగురి పని నేను చేసినంత మెల్లగా ఎవరూ చేసి ఉండరు.

"కూసోండ్రి టీచరమ్మా."

"నిలబడతాను."

సంచిలోంచి కాగితం తీసి కౌంటర్ మీద పరిచింది, పైన భూతద్దం పెట్టింది.

"ఇది నువ్వు చేశావు."

కౌంటర్ మీది స్టాప్లర్ పక్కకు జరిపాను.

"ఇలాంటి పట్టికల్లో మనుషుల పేర్లుండవు సుజాతా. ఉన్నవి కోట్ల చుక్కలు. నిన్న అందరి ముందూ చదవబోయే ముందు ఒక్కసారి నేను చూసుకుందామని భూతద్దం పెట్టాను. చూసుకుని సంచిలో దాచేశాను. వాళ్లు పెట్టిన ఉప్మా తిని ఇంటికి వచ్చేశాను."

"జర నవ్విద్దామని అన్న టీచరమ్మా, ఆ రోజు..."

"ఆ రోజు నవ్వించాలనే అన్నావు. తెలుసు. నమ్మిన తెలివితక్కువది నేను. ఈ కాగితం మాత్రం నవ్వించడానికి చేయలేదు నువ్వు. జాలిపడి చేశావు." భూతద్దం చేతిలోకి తీసుకుంది. "ఎర్ర సిరా ఆయన నా పని తప్పన్నాడు. తప్పని నమ్మే అన్నాడు. నువ్వు ముసలిదానికి ఆటబొమ్మ చేతిలో పెట్టావు."

నన్ను చాలామంది చాలా అన్నారు. అన్నిటికీ నా దగ్గర ఒకటి ఎక్కువే ఉండేది. ఇవాళ చేసిందల్లా కుర్చీ ఇంకొంచెం ముందుకు జరపడమే.

అసలు సంగతి అప్పుడు జరిగింది. వెళ్లబోయి ఆగింది. భూతద్దం మళ్లీ కాగితం మీదికి.

"సరే, అబద్ధమే ఆడావు. అంకెలైనా సరిగా వేయకపోయావా? రెండు వేల గళ్లో నా పందొమ్మిది వందల అంకెలు ఎందుకు పెట్టావు?"

"ఏ పందొమ్మిది వందలు?"

నోటుబుక్కు తెరిచి పేజీ తల మీద వేలు పెట్టింది. 1900. నేను దాన్ని రిజిస్టర్ నంబరనుకున్నాను.

చెప్పింది. భూమి బొంగరంలాగా మెల్లగా తల ఊపుతుందట. అందువల్ల చుక్కలన్నిటి చిరునామాలూ ఏడాదికేడాది జరిగిపోతాయి. అందుకే ఫలానా ఏడాది లెక్క ప్రకారం అని రాసుకుంటారు. వాళ్ల రిజిస్టర్లు పందొమ్మిది వందల ఏడాది లెక్క. ఇప్పటి పట్టికలు రెండు వేల ఏడాది లెక్క.

"మా సందులో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు ఉంటయి గదా, గట్లనా?"

"అలాగే. ఇల్లు అక్కడే ఉంది. నంబరు మారింది."

"అంటే... నేను పాత నంబరు పట్టుకొని కొత్త నంబర్ల సందులో తిరిగినట్టు."

"తిరిగావా? నిజంగా వెతికావా నువ్వు?"

మంగళవారం సంగతి అప్పుడు చెప్పాను. వరుసలు సున్నా అని, అందుకే కాగితం చేశానని. ఆవిడ మొహంలో కోపం ఉందో పోయిందో తెలియలేదు. నన్ను కాదు, నా వెనకున్న గోడను చూస్తున్నట్టుంది చూపు.

"చిన్న పొరపాటు కాదు. కానీ నా దగ్గర చదివిన పిల్లలందరూ ఒకసారి చేసేదే. సోమవారం వస్తాను" అంది.

జులై 14, సోమవారం

కుర్చీలో కూర్చుంది. అది చాలు నాకు.

సైటులో 1950 లెక్క ఉంది, 2000 లెక్క ఉంది, మనది లేదు. మార్చే కిటికీ ఇంకెక్కడో ఉంటుంది వెతుకుతానన్నాను. వద్దంది. చెడిపోయిన జిరాక్స్ కాగితాల వెనకవైపు, స్కెచ్ పెన్నుతో, అరచేయంత అంకెలు వేసి లెక్క చేసింది. ఏడాదికి ఎంత జరుగుతుంది, నూరేళ్లకు ఎంత. గంటల వైపు ఆరు నిమిషాలకు కాస్త తక్కువ. కిందివైపు ఏడు కళలు — కళంటే డిగ్రీలో అరవయ్యో వంతట. నన్ను కూడా చేయమంది. రెండుసార్లు తప్పాను. ఫారం నింపడానికి వచ్చిన ఓ పిల్ల "అక్కా, ఈ వయసుల మీరు గ్రూప్స్ రాస్తున్నరా" అంది. "నీకు పోటీ ఉండొద్దని ఆలోచిస్తున్న" అన్నాను.

కొత్త చిరునామా కొట్టాను. వరుసలు: అరవై ఒకటి. పన్నెండున్నర లోపు అని షరతు పెట్టాను.

వరుసలు: ఒకటి. వెలుగు 11.0.

అరవై ఏళ్ల కిందట ఒక అమ్మాయి గాజు మీద చూసిన చుక్క ఉందక్కడ.

"చివరి గడిలో ఏముంది? ఉన్నదే చెప్పు."

మారుతుందా లేదా అనే గడి. "ఖాళీ టీచరమ్మా. అంటే మారదనా?"

"పరీక్ష రాయనివాడిని ఫెయిలంటామా? ఎవరూ చూడలేదని అర్థం."

తెర మీద ఆ అంకెను చదవడానికి తల పక్కకు తిప్పింది. నేరుగా చూడదేమని అడిగాను. "నేరుగా చూస్తే మచ్చ అడ్డం వస్తుంది. సన్నటి చుక్కల్ని అయినా అంతే చూస్తారు సుజాతా, కాస్త పక్కకి చూస్తేనే కనపడతాయి. మాకు అప్పుడే నేర్పారు. ఇప్పుడు మనుషుల్ని కూడా అలాగే చూస్తున్నాను" అంది.

అయితే శనివారం ఆవిడ చూసింది గోడను కాదు.

జులై 15, మంగళవారం

వెలుగు మారే చుక్కలకు విడిగా పట్టికలున్నాయి. మొదటిదాంట్లో లేదు.

జులై 16, బుధవారం

రెండోదాంట్లో లేదు.

జులై 18, శుక్రవారం

మూడు, నాలుగు. లేదు. నాలుగోదాంట్లో దగ్గర్లో ఒకటుంది, పక్కింటిది. పక్కింటివాళ్ల ఉత్తరం మనం విప్పకూడదంది టీచరమ్మ.

జులై 19, శనివారం

రమేశ్ వచ్చి తొంగి చూశాడు. "ఏందక్కా, ముసలావిడ రోజూ వస్తుంది? భూమి కాగితాలా?" "అవును. ఆకాశంల ఒక ప్లాటు ఉంది, కబ్జా అయింది" అన్నాను. నమ్మలేదు గానీ ఆలోచిస్తూ వెళ్లాడు.

నిజానికి నాకు ఆడుకోవాలనే అనిపించడం లేదు ఈ మధ్య. ఒంట్లో బాగాలేదేమోనని మా ఆయన అనుమానం. పొద్దున టీ కప్పు అటూ ఇటూ తిప్పి చూసి తాగాడు, ఉప్పేమైనా వేశానేమోనని.

జులై 22, మంగళవారం

దొరికింది... అని రాయబోయి ఆగాను. దొరికిందో లేదో.

ఇంకో రకం పట్టిక. ఎక్కడో కొండ మీద ఒక యంత్రం ఏళ్ల తరబడి ఆకాశమంతా ఫోటో తీస్తూ పోయిందట. ఒక్కో చుక్కకు ఏ రోజున ఎంత వెలుగో వరుసగా రాసి పెట్టారు. మన చుక్కకు రెండు వందల ఎనభై ఆరు రోజులు. పదకొండు, పదకొండు, పదకొండు పాయింటు ఒకటి, పదకొండు... మధ్యలో అక్కడక్కడ పదకొండు పాయింటు తొమ్మిది. పన్నెండు. అంటే బాగా మసకేసినట్టు.

పక్క గడి చూశాను. ఆ మసక రోజులన్నిటి ఎదురుగా ఒక గుర్తు. గుర్తుకు అర్థం కింద ఉంది: ఈ కొలత అనుమానం.

అనుమానం ఉన్నవి తీసేయమని షరతు పెడితే గీత గీసినట్టు పదకొండు. షరతు ఎత్తేస్తే మసక రోజులు తిరిగొస్తాయి. ఒక టిక్కు. పెడితే ఎర్ర సిరా ఆయన. తీస్తే టీచరమ్మ.

రెండు మూడుసార్లు పెట్టి తీసి, పెట్టి తీసి చూశాను. గుర్తుల గడి మొత్తం దాచేసి ప్రింటు తీయొచ్చు. ఆవిడకు తెలిసే దారి లేదు.

జులై 23, బుధవారం

అన్నీ వేశాను. గుర్తుల గడితో సహా. పెద్దక్షరాలు, పేజీకి పన్నెండే వరుసలు.

ఆవిడ మొదటి పేజీ పక్కచూపుతో చదివి అడిగింది — "నువ్వేమీ మార్చలేదు కదా?"

"లేదు టీచరమ్మా."

"ఏమీ?"

"లేదు."

తలూపింది. కాగితాలు సంచిలో పెట్టుకుంది. రోడ్డు దాటి రమేశ్ షాపులోకి వెళ్లింది.

జులై 24, గురువారం

రమేశ్ ఆనందం చూడాలి. "టీచరమ్మ మన దగ్గరికొచ్చిందక్కా. సైటు అడ్రసు నోటికి చెప్పింది, నాకు నేర్పి మరీ ప్రింటు తీయించింది. నీ కాగితం పక్కన పెట్టి తమ్మునితోని ఒక్కొక్క లైను చదివించుకుంటదట. ఏం జేసినవక్కా ఆమెకు?"

"మంచి చేయాలనుకున్న" అన్నాను.

"అయితే ఆమె జాగ్రత్తపడుడే కరెక్టు" అన్నాడు.

వాడికి ఒకటి బాకీ ఉన్న మాట నిజం. తీర్చుకోనీ.

జులై 26, శనివారం

రెండు వందల ఎనభై ఆరు వరుసలూ పోల్చడానికి వాళ్లకు రెండు రోజులు పట్టిందట. ఇవాళ వచ్చి కుర్చీ లాక్కుని, "సరిపోయాయి" అంది. అంతే. క్షమించానని గానీ, నమ్మానని గానీ ఏం లేదు. లెక్క సరిపోయింది అన్నట్టు.

అనుమానం గుర్తు గురించి అడిగాను. యంత్రం కూడా పలక లోపమనే అంటోంది కదా, ఇక ఎట్లా తేలుతుంది?

"లోపం ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. దానికి ఒక వరుస ఉండదు. ఒక చుక్క ముందు ఇంకో చుక్క అడ్డం వచ్చి మసకేస్తుంటే మాత్రం, సరిగ్గా అన్నేసి రోజులకే రావాలి. మసక రోజులు తొమ్మిది ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసుకుంటూ పోదాం. ఎడం కుదిరితే చుక్క. కుదరకపోతే నేను అరవై ఏళ్లుగా మోస్తున్నది మందు లేచిపోయిన మచ్చ."

"కంప్యూటర్‌కి చెప్తే ఒక్క నిమిషంల చెప్తది."

"దానికి తొందర ఉంటే చెప్పమను. నాకు లేదు."

సోమవారం కంటికి ఇంజెక్షన్. తర్వాత కూర్చుందామంది.

జులై 28, సోమవారం

కృష్ణమూర్తి గారి ఫోన్. ఇంజెక్షన్ అయింది. కన్ను ఎర్రబడింది, నొప్పి. వారం ఆగి చెబుతామన్నారట.

ఇవాళ దరఖాస్తుల సైటు దానంతటదే తెరుచుకుంది. పిల్లలు గబగబా ఫారాలు నింపుకుని వెళ్లిపోయారు. ఖాళీ కుర్చీ. తొమ్మిది తేదీలు నా దగ్గరే ఉన్నాయి, తీసివేతలు ఎంతసేపు... చేయలేదు. ఎందుకు చేయలేదో రాయాలంటే కష్టం. ఆవిడకన్నా ముందు నాకు తెలిసిపోతే, చదివేటప్పుడు నా గొంతు తెలిసిపోతుంది. నా గొంతు ఎప్పుడూ ఒక పక్కకు మొగ్గుతుంది.

ఆగస్టు 2, శనివారం

మొదటిసారి చిక్కడపల్లి వాళ్లింటికి వెళ్లాను. మేడ మీద రెండు గదులు. గోడకు దేవుడి పటం ఒకటే, మిగతా అంతా పుస్తకాలు. కృష్ణమూర్తి గారు కాఫీ ఇచ్చి, "మందులు మింగమంటే అరుస్తోంది, మీరైనా చెప్పండమ్మా" అన్నారు. "అరిచేది మీరు చెప్పే పద్ధతికి సారూ" అన్నాను. లోపలి నుంచి, "ఆ మాట పెద్దగా చెప్పు సుజాతా" అని వినిపించింది.

కుడి కన్నుకు పచ్చ గుడ్డ. ఎడమ కన్నుతో నన్ను వెతుక్కుంది. మచ్చ పెరిగింది. పక్కకు చూసినా అంకె ముక్కలవుతోందట. పెద్దక్షరాల కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ తడిమింది. పావుగంట ప్రయత్నించింది. తర్వాత కాగితాలు నా వైపు జరిపింది.

"నువ్వు చదువు."

"సారు చదువుతరు కదా టీచరమ్మా."

"వాడు ఎనిమిదిని మూడంటాడు. నువ్వు చదువు."

ఆవిడ కంటితో చూడాలని బయలుదేరిన సంగతి. ఇప్పుడు నా నోటితో.

మొదటి తేదీ నుంచి రోజులకు వరుస నంబర్లు వేసి పెట్టుకున్నాం. అందులో మసక రోజులు మాత్రమే చదవాలి. ఆవిడ పలక మీద బలపంతో, కళ్లు మూసుకుని, చేతి అలవాటుతో రాస్తోంది.

"నూట పన్నెండు."

రాసింది.

"నూట నలభై ఏడు."

"ముప్ఫై అయిదు" అంది. గొంతులో ఏమీ లేదు.

"రెండు వందల పదిహేడు."

"డెబ్బై." బలపం ఆగింది. డెబ్బై అంటే రెండు ముప్ఫై అయిదులు. మధ్యది యంత్రం చూడని రోజేమో. గుమ్మం దగ్గర కృష్ణమూర్తి గారు కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

నాలుగోది. నా కళ్లు ముందే వెళ్లిపోయాయి దాని మీదికి. మనసులో తీసివేత ఆపడం నా వల్ల కాలేదు. రెండు వందల యాభై రెండు ఉండాలి. కాగితం మీద రెండు వందల యాభై మూడు.

ఒక్కరోజు. రెండు అంటే కుదురుతుంది. కాగితం ఆవిడకు కనిపించదు. రమేశ్ కాగితం అలమారలో ఉంది, అదీ ఆవిడకు కనిపించదు. అటూ ఇటూ ఒక్కరోజు తేడా మామూలేనేమో, అలా అయినా లెక్క కుదురుతుందేమో, లేక ఒక్కరోజుతో మొత్తం పోతుందేమో — నాకు తెలియదు. ఆవిడకు తెలుసు.

"రెండు వందల యాభై..." అన్నాను.

"ఊఁ."

"మూడు."

బలపం కదల్లేదు. మార్కెట్ వైపు నుంచి కూరగాయల బండివాడి కేక. కృష్ణమూర్తి గారు నా వైపు చూశారు, రెండు అనొచ్చు కదా అన్నట్టు చూశారనిపించింది.

"మళ్లీ చదువు" అంది టీచరమ్మ.

"రెండు వందల యాభై మూడు."

ముప్ఫై ఆరు అని రాసింది. దాని కింద ఏదో చిన్నగా వేసింది, గీతో ప్రశ్నో అర్థం కాలేదు. చెరపలేదు.

"ఇంకా ఐదున్నాయి. తర్వాతది చదువు" అంది.